మిరియం ఆగిన చోటు

డాక్టర్‌గారు పోయారని బుధవారం పొద్దున్నే ఆంటీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఒక్క లైను. "అంకుల్ ఈజ్ నో మోర్ బాబూ." నేను నమ్మలేదు. ఆంటీ ఫోన్ ఎవరో హ్యాక్ చేశారనుకున్నాను. అంతకు నెల ముందే మా తెలుగు గ్రూపులో ఒకాయన నంబర్ నుంచి గిఫ్ట్ కార్డులు కొనిపెట్టమని అందరికీ మెసేజ్‌లు వెళ్లాయి. అందుకని జవాబివ్వకుండా, పక్కిల్లే కదా అని కిటికీ తెర తీసి చూశాను. ఆయన ట్రక్కు ఎప్పటిలాగే డ్రైవ్‌వేలో ఉంది. అంబులెన్స్ లేదు. చూశావా, అబద్ధమే, అనుకున్నాను. అప్పుడు కనిపించాయి వాకిట్లో రెండు కుక్కలు. డాక్టర్‌గారు వాటిని పట్టీ లేకుండా ఇంటి ముందు ఎన్నడూ వదల్లేదు. ముసలిది గుమ్మానికి తల ఆనించి పడుకుని ఉంది. చిన్నది దాని పక్కన నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

నిద్రలోనే పోయారు. గుండె అన్నారు. నేను అప్పుడు కూడా ఊరుకోలేదు. ఏ మందులు వాడుతున్నారు, రాత్రి ఏం తిన్నారు, చెకప్‌కి ఎప్పుడు వెళ్లారు అని ఆంటీని వరసగా అడిగాను. ఆవిడ ఏడుస్తూనే అన్నిటికీ జవాబులు చెప్పారు. తర్వాత తలచుకుంటే ఎంత సిగ్గేసిందో. అంత మంచి మనిషి అంత మామూలుగా పోవడం నాకు మింగుడుపడలేదు. ఎవరిదో ఒకరిది తప్పు ఉండి తీరాలనిపించింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో వెతకడం నా పని. ఉద్యోగం వల్ల బుద్ధి ఇలా అయిందో, బుద్ధి ఇలాంటిది కాబట్టే ఉద్యోగం దొరికిందో నాకు తెలియదు. మా అమ్మనడిగితే, పాలసీసా కూడా రెండుసార్లు వాసన చూసి గానీ తాగేవాణ్ణి కానంటుంది.

ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కి కాంట్రాక్టు మీద వచ్చిన మొదటి వారం ఇండియన్ స్టోర్‌లో సొరకాయ ఏరుతుంటే, పక్కనుంచి ఒక పెద్దాయన, "అది ముదురు నాయనా, గోరు దిగదు చూడు. ఇది తీసుకో," అన్నారు. తెల్లటి మీసం, ఎండకి కమిలిన మెడ, ఆ మెడలో దారానికి వేలాడుతున్న కళ్లజోడు. తీసుకున్నాను. "ఏ ఊరు మనది?" అన్నారు. నాకు వెంటనే అనుమానం మొదలైంది. ఈ దేశంలో కొట్లో మనవాడొకడు నవ్వుతూ పలకరించి ఊరు అడిగాడంటే, మూడో మాటకి బిజినెస్ ఆపర్చునిటీ బయటికొస్తుందని నా అనుభవం. "ఖమ్మం" అని ముక్తసరిగా చెప్పి బిల్లింగ్ వైపు నడిచాను. సాయంత్రం అద్దింటి ముందు కారు ఆపితే, పక్కింటి వాకిట్లో ఆయనే నీళ్ల పైపు పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను ఫాలో అయ్యారనుకున్నాను. ఆయన పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నారన్న సంగతి తర్వాత తెలిసింది.

ఆ బిజినెస్ మాట కోసం నెలల తరబడి ఎదురుచూశాను. పెరట్లో కాసిన బెండకాయలు ఇచ్చారు. గోంగూర ఇచ్చారు. మంచు పడిన రోజు నేను లేవకముందే నా డ్రైవ్‌వే కూడా తుడిచి పెట్టారు. ఇన్ని చేస్తున్నాడంటే అడగబోయేది చిన్నది కాదనుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. నాలుగేళ్ల తర్వాత ఒకే ఒక్కటి అడిగారు. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆయన కోళ్ల డాక్టరు. నెల్లూరు వైపు మనిషి. ఈ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఎక్కువ. రిటైరయ్యేవరకూ వాటి మధ్యే తిరిగారు. అది కూడా నేను సులువుగా నమ్మలేదు. నాకోసారి జ్వరం వచ్చి, ఏ మాత్ర వేసుకోమంటారని అడిగితే, "నువ్వు కోడివైతే చెప్పేవాణ్ణి నాయనా," అన్నారు. మాత్ర పేరు చెప్పలేని డాక్టర్ ఏం డాక్టర్ అనుకున్నాను.

మొదటి ఏడాదే నవంబరులో ఒక పొద్దున ఆయన నారింజ రంగు జాకెట్ వేసుకుని, ఒక పొడుగాటి సంచీ ట్రక్కులో పెడుతూ కనిపించారు. తుపాకీ అని చూడగానే తెలిసింది. గోంగూర ఇచ్చే మనిషికి తుపాకీ ఎందుకు? కంచె దగ్గరికి వెళ్లి నిలదీశాను.

"వేటకి నాయనా. కౌజు పిట్టలు. నువ్వూ వస్తావా?"

వేట మీద ఇష్టంతో కాదు, ఆయన చెప్పింది నిజమో కాదో చూద్దామని వెళ్లాను.

ఊరికి దూరంగా ఒక తెల్లాయన పొలం. ఆ రైతుది డాక్టర్‌గారి ఈడే, ఆయన్ని 'డాక్' అని పిలిచేవాడు. ఒకప్పుడు వాళ్ల షెడ్లలో కోళ్లకి జబ్బు చేస్తే డాక్టర్‌గారు మూడు రోజులు అక్కడే ఉండి చూశారట. ఆ స్నేహం మీద పొలం వెనకున్న గడ్డిబీడు ఈయనకి వదిలేశాడు. అలాంటి బీళ్లలో కౌజు పిట్టలు గుంపుగా నేలకి కరుచుకుని కూర్చుంటాయి. తొక్కబోయేదాకా కదలవు, కనిపించవు. కుక్క వాసన పట్టి చూపించాలి.

కుక్కలు రెండు. పెద్దది మిరియం. తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు. చిన్నదాని చుక్కలు ఇంకా సన్నవి, దాని పేరు ఆవాలు. ఆ రెండు పేర్లూ ఆంటీ పెట్టారు, పోపుల పెట్టె ముందు నిలబడి. ఆవాలు అప్పటికి ఏడాది కూడా నిండని పిల్ల. బీడంతా గింగిరాలు కొడుతోంది. మిరియం మాత్రం సంతలో బేరం చూసుకునే ఆడమనిషిలా తాపీగా, ఒక్కో పొదనీ పలకరిస్తూ నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ముందు కాలొకటి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. తోక బిగుసుకుంది. సరిగ్గా అప్పుడే, దానికి ఇరవై గజాల వెనక, ఆవాలు కూడా పరుగు మధ్యలో ఆగి బొమ్మలా నిలబడింది.

"దానికీ వాసన వచ్చిందా సార్?"

"రాలేదు. గాలి అటు పోతోంది కదా. అది మిరియాన్ని చూసి ఆగింది."

"చూసి ఆగడమేంటి? అక్కడ పిట్ట లేకపోతే?"

"ఉందని మిరియం చెప్పిందిగా. పెద్దకుక్క ఆగితే చిన్నది దాన్ని నమ్మి ఆగాలి. ఇక్కడివాళ్లు దీన్ని ఆనర్ చేయడం అంటారు. చాలా కుక్కలకి కొట్టి నేర్పినా రాదు. దీనికి ఎవరూ నేర్పలేదు."

"క్రాస్ చెక్ చేసుకోదా?"

ఆయన నోరారా నవ్వారు. "నీలాంటి కుక్కైతే చేసుకుంటుంది."

ముందుకెళ్లి బూటుతో గడ్డి కదిపారు. పది పన్నెండు పిట్టలు బుర్రుమని ఒక్కసారిగా లేచాయి. నేను వెనక్కి పడబోయాను. ఆయన ఒకదాన్ని కొట్టారు. ఇంకోదాన్ని కొట్టగలిగి ఉండీ తుపాకీ దించేశారు. ఒక గుంపులోంచి ఒకటి రెండుకి మించి తీసేవారు కాదు. కొట్టినవి కూడా రైతుకే ఇచ్చి వచ్చేవారు. పంటికింద గుండు తగులుతుందని ఆంటీ వాటిని వంటింట్లోకి రానిచ్చేవారు కాదు.

తర్వాత మూడు చలికాలాలు వీలైన ప్రతి శనివారం ఆయనతో వెళ్లాను. నాకు తుపాకీ పట్టడం రాదు, నేర్చుకోవాలనీ అనిపించలేదు. వేట అయ్యాక ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చునేవాళ్లం. ముందు కుక్కలకి నీళ్లు. తర్వాత మిరియం నాలుగు పాదాలు, ఆపైన ఆవాలువి, వేళ్ల సందుల్లో ముళ్లున్నాయేమోనని కళ్లజోడు పెట్టుకుని మరీ చూసేవారు. చెవుల్లో అంటుకున్న గింజలు ఒక్కొక్కటే తీసేవారు. అన్నీ అయ్యాకే ఫ్లాస్కులోంచి రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ. నేను ఏదో ఒకటి అనుమానంగా అడుగుతూనే ఉండేవాణ్ణి. ఆయన దేనికైనా "చూద్దాం" అనేవారు. వానొస్తుందా అంటే చూద్దాం. నా వీసా పొడిగిస్తారా అంటే చూద్దాం. విసుక్కున్న రోజు మాత్రం నాకు గుర్తులేదు. ఒకసారి నేనే, నా అనుమానాలతో మిమ్మల్ని చంపుతున్నాను కదా అంటే, "అనుమానపడు నాయనా, తప్పేం లేదు. కాకపోతే కాఫీ చల్లారకుండా పడు," అన్నారు.

పోయిన అక్టోబరులో ఒక సాయంత్రం ఆయన నన్ను కంచె దగ్గరికి పిలిచారు.

"నాయనా, నీతో ఒక పని పడింది."

వచ్చింది, నాలుగేళ్లకి వచ్చింది, అనుకున్నాను.

"మిరియానికి ముక్కు పోతోందేమోనని భయంగా ఉంది. పన్నెండేళ్లు దాటాయి. నేను చూస్తే సరిపోదు, దాని మీద ప్రేమ నాకు. ఆవాలుని అడుగుదామా అంటే, మిరియం ఏం చేసినా దానికి ఒప్పే. ఈ సీజనంతా నువ్వు చూడు. నువ్వు ఎవరినీ నమ్మవు. నాకిప్పుడు అలాంటివాడే కావాలి."

"చూసి ఏం చెయ్యాలి?"

"వాసన పట్టట్లేదని నీకు గట్టిగా అనిపించిన రోజు మొహమాటం లేకుండా చెప్పు. ఆ రోజుతో దాన్ని ఆపేస్తా. పిట్ట లేనిచోట అది ఆగుతుంటే, దాన్ని నమ్ముకుని ఆగే చిన్నది కూడా పాడైపోతుంది." కాసేపు కంచె మీది పెచ్చు గీకుతూ నిలబడ్డారు. "దీనికి ముందున్న కుక్కని ముసలిదైందని ఇంట్లో కూర్చోబెట్టి నేను వెళ్లొచ్చేవాణ్ణి. నెల తిరక్కుండానే గుమ్మం వైపు చూస్తూ చూస్తూ పోయింది. మళ్లీ ఆ పని చెయ్యను. దీన్ని ఆపిన రోజు నేనూ ఆపేస్తా."

ఆ మాట అన్నప్పుడు వాళ్ల వంటింటి కిటికీ తెరిచే ఉంది. నేను అది పట్టించుకోలేదు.

ఇంక చూడండి, నా సంబరం. నన్ను నమ్మి, నమ్మకపోవడమనే పని అప్పగించిన మనిషి ఆయనొక్కరే. సీజన్ మొదలైన దగ్గర్నుంచి నా కళ్లు మిరియం మీదే. శనివారం పొద్దున్నే బయలుదేరేవాళ్లం. ఆంటీ అప్పటికే గుడికి వెళ్లిపోయి ఉండేవారు. శనివారం కదా, వెంకటేశ్వరస్వామికి.

రెండో వారానికే నాకు తేడా కనిపించింది. బీడు మొదట్లో, పడిపోయిన పాత గేటు దగ్గర, మిరియం ప్రతి శనివారం ఆగేది. అక్కడ ప్రతిసారీ పిట్ట ఉండేది. ఒకే ఒక్క పిట్ట. గుంపుగా తిరిగే పిట్టలు ఇక్కడ మాత్రం ఒంటరిగా ఎందుకుంటాయి? పైగా అది అడవి పిట్టలా బుర్రుమని పోయేది కాదు. బద్ధకంగా, దడి దాటే కోడిలా నాలుగు రెక్కలు కొట్టి, అల్లంత దూరంలో దిగేది. డాక్టర్‌గారు తుపాకీ ఎత్తేవారు, పేల్చేవారు, తప్పిపోయేది. ప్రతి వారం తప్పిపోయేది. అదే మనిషి ముందుకెళ్లాక, నిజమైన గుంపు లేస్తే, కళ్లు మూసి తెరిచేలోగా ఒకదాన్ని కొట్టేవారు. కుక్క ముక్కు సంగతి చూడబోతే ఈయన కళ్ల సంగతి తేలేలా ఉందే అనుకున్నాను.

జనవరిలో ఒక శనివారం, పిట్ట ఎగిరిపోయాక, ఆయనా కుక్కలూ ముందుకు నడుస్తుంటే నేను వెనక ఆగి ఆ గేటు దగ్గర గడ్డి విడదీసి చూశాను. నేల మీద తెల్లగా ఏవో పలుకులున్నాయి. చేతిలోకి తీసుకున్నాను. నూకలు. బియ్యం నూకలు. ఆర్కాన్సాలో, ఒక తెల్లాయన గడ్డిబీడులో, బియ్యం నూకలు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆధారం కోసం గుప్పెడు ఏరి జేబులో వేసుకున్నాను. కాఫీ వేళ దాకా ఆగి, ఆయన గ్లాసు నా చేతికివ్వబోతుంటే, ఆ నూకలు తీసి ట్రక్కు తలుపు మీద పోశాను.

"ఏంటి సార్ ఇవి? గేటు దగ్గర ఎవరో పెంపుడు పిట్టని తెచ్చి పెడుతున్నారు. కదలకుండా మేత కూడా వేస్తున్నారు. మీరేనా?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. నూకల్ని అరచేతిలోకి తీసుకుని, వేలితో కదిపి, చాలాసేపు చూశారు. తలెత్తి రోడ్డు వైపు చూశారు. మీసం కింద ఏదో నవ్వులాంటిది వచ్చి పోయింది.

"నేనే," అన్నారు.

"మీరా?"

"కోళ్ల డాక్టర్ని, ఆ మాత్రం రాదా? తల రెక్క కింద పెట్టి కాసేపు ఊపితే పిట్ట నిద్రపోతుంది. గడ్డిలో పడుకోబెట్టి రావడమే."

"నన్ను చూడమని మీరే అడిగి, మీరే ఇలా చేస్తే ఇంక నేనెందుకు సార్?"

"నిజమే నాయనా. తప్పే." ఆ నూకల్ని ఒక్క పలుకు కింద పడకుండా చొక్కా జేబులో పోసుకుని బొత్తాం పెట్టుకున్నారు. "మీ ఆంటీకి మాత్రం చెప్పొద్దు."

"ఎందుకు?"

"చెప్పొద్దన్నానుగా."

ఆవిడకి తెలిస్తే పరువు పోతుందని ఆయన భయం కాబోలు అనుకున్నాను. "వచ్చే శనివారం పిట్టని పెట్టకండి. ఏమీ పెట్టని పొలంలో దాన్ని చూసి అప్పుడు చెప్తాను," అన్నాను.

"చూద్దాం," అన్నారు.

కాఫీ నేను తాగలేదు. దారి పొడుగునా మాట్లాడలేదు. సోమవారం సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తుంటే, ఆయన వాకిట్లోంచి చెయ్యెత్తి పలకరించారు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ లోపలికి వెళ్లిపోయాను. ఆయన్ని ప్రాణాలతో చూడడం అదే చివరిసారి. బుధవారం ఆంటీ మెసేజ్ వచ్చింది. ఇప్పటికీ ఆ చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే కనిపిస్తూ ఉంటుంది. నాకు తిరిగి చెయ్యి ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

కర్మలన్నీ అయ్యాక, ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని సర్దుతూ ఆంటీ నన్ను సాయానికి పిలిచారు. వెళ్లేసరికి ఆవిడ మంచం మీద ఒక చొక్కా ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. జేబులోంచి తీసిన నూకలు పక్కన కాగితం మీద ఉన్నాయి. నన్ను తేరిపార చూశారు. నేను అందరినీ ఎలా చూస్తానో అలా.

"ఇవి ఆయన జేబులోకి ఎలా వచ్చాయి బాబూ?"

చెప్పొద్దన్నారు ఆయన. 

"నువ్వు కనిపెట్టి చెప్పేశావా ఆయనకి? నేను పెడుతున్నానని?"

"మీరా?"

ఆవిడ చెప్పుకొచ్చారు. కిటికీలోంచి మా మాటలు విన్న రాత్రి నిద్ర పట్టలేదట. "రిటైరైన మొదటి ఏడాది ఆయన ఎలా అయిపోయారో నువ్వు చూడలేదు బాబూ. ఆ సోఫాలోంచి లేచేవారు కాదు. మళ్లీ కుక్కల వెంట తిరగడం మొదలుపెట్టాకే మనిషయ్యారు. అది ఆగితే నేనూ ఆగిపోతానంటే, నేను ఎలా ఊరుకోను?" పిట్టల్ని పెంచే ఒకావిడ దగ్గర వారానికొకటి కొనేవారట. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి, పైన శాలువా కప్పి, గుడికని చెప్పి కారు తీసేవారట. నలభై ఏళ్లు కోళ్ల డాక్టర్‌తో కాపురం చేసిన మనిషికి పిట్టని నిద్రపుచ్చడం ఒకరు నేర్పాలా? లేచి పారిపోకుండా చుట్టూ గుప్పెడు నూకలు చల్లి, మేం వచ్చేలోగా వెళ్లిపోయేవారట. "ఈ చలికాలం ఒక్క శనివారం కూడా గుడికెళ్లలేదు. స్వామి ఏమనుకున్నాడో ఏమో."

 గుడికెళ్లిన మనిషి ఒక్కరోజు కూడా ప్రసాదం తేలేదు. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించే నాకు ఆ అనుమానం రాలేదు.

"ఆంటీ, నేను మీ పేరు చెప్పలేదు. నాకు తెలియనే తెలియదు. నూకలు చూపించి మీరేనా అని ఆయన్నే అడిగాను. నేనే పెట్టానన్నారు. మీకు చెప్పొద్దన్నారు."

ఆవిడ చొక్కా బొత్తాం పెట్టడం, తీయడం చేస్తూ కూర్చున్నారు.

"అంటే తెలుసన్నమాట."

"తెలుసు ఆంటీ. మొదటి రోజే తెలిసుంటుంది. ఫారం పిట్టకీ అడవి పిట్టకీ తేడా ఆయనకి తెలియకపోవడం ఏంటి? ఆ గేటు దగ్గర లేచిన పిట్టని ఒక్కదాన్ని కూడా కొట్టలేదు. ఆకాశంలోకి కాల్చేవారు. నేను ఆయనకి చూపు తగ్గిందనుకున్నాను."

"ఒక్కటీ చావలేదా?"

"ఒక్కటీ చావలేదు."

ఆవిడ చొక్కాని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. తీసి చూస్తే నవ్వుతున్నారు, కళ్లనిండా నీళ్లతో. "నలభై ఏళ్లు బాబూ," అన్నారు. "నాకు మాత్రం ఏ రోజూ తెలియనివ్వలేదు చూడు." ఆ చొక్కా ఎవరికీ ఇవ్వలేదు.

దూరాన ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఉన్న వాళ్లమ్మాయి ఆంటీని తన దగ్గరికి తీసుకెళ్తానంది. అది పెరడు లేని టౌన్‌హౌస్, వేటకుక్కలకి వీలుకాదు. నా అద్దె ఇంట్లో కుక్కలకి పర్మిషన్ లేదు. ఇంటి ఓనర్‌ని రెండుసార్లు అడిగాను, ఒప్పుకోలేదు. ఆ పొలం రైతు ఫోన్ చేసి ఆవాలుని తను పెంచుకుంటానన్నాడు. మిరియం సంగతి మాత్రం తేల్చలేదు.

"వేటాడే కుక్క అయితే ఎంత ముసలిదైనా నా దగ్గర చోటుంది. రోజూ చిన్నదానితో బీడులోకి వస్తుంది. ముక్కు పోయిందంటే మాత్రం నేను బీడులోకి తీసుకెళ్లలేను, చిన్నది చెడిపోతుంది. కట్టేసి ఉంచడం నా వల్ల కాదు. టౌన్‌లో ముసలి కుక్కల్ని చూసుకునే షెల్టర్ ఉంది, అక్కడికి పంపడమే మంచిది," అన్నాడు. తర్వాత, "డాక్ నాతో చెప్పాడు. దాని విషయంలో నీ మాటే ఫైనల్ అని. ఏమంటావు?" అన్నాడు.

నేను చూసి చెప్తానన్నాను. ఆయన బతికుండగా అడిగిన ఒక్క పని, మధ్యలో ఆగిపోయి ఉంది. మిరియం గుమ్మం దగ్గర్నుంచి లేవడం మానేసి అప్పటికి రెండు వారాలు. తిండి కూడా ఆవాలు తింటుంటే చూసి, నాలుగు ముద్దలు తినేది. షెల్టర్‌లో అది ఎన్నాళ్లుంటుందో నాకు తెలుసు, ఆంటీకి తెలుసు.

పోయిన శనివారం వెళ్లాం. ఆంటీ ఆ పొద్దున నిజంగానే గుడికి వెళ్లి, అల్యూమినియం ఫాయిల్‌లో పులిహోర ప్రసాదం తెచ్చారు. ట్రక్కు నేనే డ్రైవ్ చేశాను. తలుపు తీసిన చప్పుడు వినగానే మిరియం లేచి నిలబడింది. ఎక్కలేకపోతే నేను ఎత్తి పెట్టాను. ఎంత తేలికైపోయిందో.

రైతు బీడు దగ్గర మా కోసం ఎదురుచూస్తున్నాడు. తుపాకీ ఎవరూ తేలేదు. చల్లటి గాలి వీస్తోంది. మిరియం పాత గేటు దగ్గరికి వెళ్లింది.  ఇక్కడ ఆగిందంటే అలవాటు మీద ఆగినట్టే, ముక్కుతో కాదు. అది అక్కడ నేల వాసన చూసి, ఒకసారి వెనక్కి తిరిగి ఆంటీని చూసి, ముందుకు సాగిపోయింది. వెనక కాళ్లు వణుకుతున్నాయి. రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంది. ఆవాలు ఎప్పటిలా దూరంగా గింగిరాలు కొట్టకుండా దాని వెనకే నడిచింది. బీడు చివర అడవి రేగుపళ్ల లాంటివి కాసే పొదలున్నాయి. ఎవరూ ఎప్పుడూ ఏమీ పెట్టని చోటు అది.

అక్కడ మిరియం ఆగింది. ముందు కాలు పైకి లేచింది. తోక బిగుసుకుంది.

వెనక ఆవాలు కూడా ఆగిపోయింది.

"నేను పెట్టలేదు బాబూ," అన్నారు ఆంటీ మెల్లగా.

"నేనూ పెట్టలేదు ఆంటీ."

రైతు తల ఊపి, గడ్డి కదిపి చూద్దామని పొద వైపు ఒక అడుగు వేశాడు. ఆ పొదలో పిట్ట ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ముసలిది, మనసు ఎక్కడో పెట్టుకుని ఉత్తినే నిలబడి ఉండొచ్చు. ఈ పదిహేనేళ్ల ఉద్యోగంలో చూడకుండా నేను దేనికీ ఓకే చెప్పలేదు. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది, ఆ సోమవారం లేవాల్సిన చెయ్యి.

"వద్దు. ఆగండి," అన్నాను. "పిట్ట ఉంది. అది వేటాడుతుంది."

రైతు నా మొహంలోకి చూశాడు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. టోపీ తీసి పట్టుకుని, "సరే. రెండూ నా దగ్గరే ఉంటాయి," అన్నాడు.

తర్వాత ఎవరం కదల్లేదు. గాలికి గడ్డి ఒకవైపు వంగుతోంది. మిరియం వెనక ఆవాలు, ఆవాలు వెనక ప్రసాదం పొట్లం రెండు చేతులా పట్టుకున్న ఆంటీ, ఆ పక్కన రైతు, నేను. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. మిరియం ఎత్తిన కాలు దించలేదు.